నాన్న నరాల బిళ్లలు, నాన్న బయాప్సీ రిపోర్టు: రెండూ చదవడం ఎలా

రాత్రి పదకొండింటికి డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం. భోజనం మధ్యలోంచి లేచి చేస్తున్నట్టున్నాడు. పొద్దున నేను వాట్సాప్‌లో పెట్టిన నాన్న ప్రోస్టేట్ క్యాన్సర్ బయాప్సీ రిపోర్టు అప్పుడే చదివాడట.

“అక్కా, పెరీన్యూరల్ ఇన్వేజన్ ప్రెజెంట్ అని రాశారు. న్యూరల్ అంటే నరాలే కదా. నరాల్లోకి పాకేసింది. నాన్న అరికాళ్లు మండేది అందుకే!”

వాడి గొంతు పూడుకుపోయింది. పక్కగదిలో నాన్న ఎప్పటిలాగే అరికాళ్లకు తడిగుడ్డ చుట్టుకుని పడుకున్నాడు.

నేను డాక్టర్ని కాదు. విజయవాడలో ఒక ల్యాబ్‌లో పదహారేళ్లుగా బయాప్సీ రిపోర్టులు టైపు చేస్తున్నాను. ఆ మాట ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. అయినా పైన నాన్న పేరు ఉండేసరికి నాకూ అక్షరాలు అలుక్కుపోయాయి. తేరుకుని నింపాదిగా చదవడానికి రెండు రోజులు పట్టింది. మీ ఇంట్లో కూడా ఒక ఫైల్లో ప్రోస్టేట్ రిపోర్టు, ఒక డబ్బాలో నరాల బిళ్లలు ఉంటే, వాటిని ఎలా చదువుకోవాలో నాకు తెలిసినంత చెప్తాను. ఏ వైద్యం చేయించాలో మీ డాక్టరే చెప్పాలి. ఆయన ఎదురుగా కూర్చున్న పది నిమిషాల్లో ఏం అడగాలో మనకు తెలియాలి కదా, దానికోసం ఇది.

ముందు ఆ భయపెట్టిన మాట

ప్రోస్టేట్ గ్రంథి లోపల సన్నటి నరాల పోగులుంటాయి. క్యాన్సర్ కణాలు వాటిని చుట్టుకునో, వాటి వెంబడి సాగుతూనో కనిపిస్తే పెథాలజిస్టు, అంటే ముక్కను మైక్రోస్కోపులో చూసే డాక్టరు, ఆ మాట రాస్తారు. బయాప్సీలో కనిపించేది ఆ గ్రంథిలోని సంగతి మాత్రమే. అరికాళ్లకు వెళ్లే నరాలతో దానికి చుట్టరికం లేదు. ఒంట్లో మిగతా చోట్లకు పాకిందని కూడా ఆ ఒక్క మాటకు అర్థం కాదు. డాక్టరు లెక్కలోకి తీసుకునే నాలుగైదు విషయాల్లో అదొకటి.

తమ్ముడికి నేను చెప్పింది ఇంకా తేలిక లెక్క. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మరుసటి వేసవిలో మొదలయ్యాయి ఈ మంటలు. ఆరేళ్లయింది. రెండు కాళ్లకూ ఒకేలా, వేళ్ల చివర మొదలై మెల్లగా పైకి, సాక్సు తొడిగినంత మేర. షుగర్ వల్లా, బీ12 తగ్గడం వల్లా నరాలు దెబ్బతింటే ఇలాగే ఉంటుంది. కాలి చెప్పు వీధిలో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికొచ్చిన రోజులున్నాయి ఆయనకు.

అయితే ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల నిజంగానే కాళ్లు దెబ్బతినే సందర్భం ఒకటుంది. అది వేరేగా ఉంటుంది. కొత్తగా వెన్నునొప్పి మొదలై, రోజుల వ్యవధిలోనే కాళ్లలో బలం తగ్గడం, కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రమో విరేచనమో పట్టు తప్పడం. వెన్నుపూసలోకి చేరిన క్యాన్సర్ వెన్నుపామును నొక్కుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు నరాల బిళ్ల మార్చి రెండు రోజులు చూద్దాం అనుకుంటే కాళ్లు పోతాయి. అర్ధరాత్రైనా సరే, అదే రోజు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

స్ట్రిప్పు వెనక్కి తిప్పండి

నాన్న మందులన్నీ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. ఆ డబ్బాను మంచం మీద గుమ్మరించి, స్ట్రిప్పులన్నీ వెనక్కి తిప్పి, తెల్లకాగితం మీద గళ్లు గీశాను. ఎడమవైపు రాయాల్సింది మందు పేరు కాదు, దాని లోపల ఉన్నవాటి పేర్లు. పక్క గడిలో ఎన్ని మిల్లీగ్రాములు, ఆ పక్కన రోజుకు ఎన్ని బిళ్లలు. అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి కాబట్టి సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

షాపులో “నరాల బిళ్ల” అంటే ఇచ్చేవి మూడు రకాలు. ఒకటి, ఉత్త బీ విటమిన్లు. రెండోది, వాటితో పాటు ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, బెన్‌ఫోటియమిన్ లాంటివి కలిపినది. మూడోది, విటమిన్‌తో పాటు నొప్పి తెలియకుండా చేసే అసలు మందు కలిపినది. ప్రీగాబలిన్, గాబాపెంటిన్, నార్‌ట్రిప్టిలిన్ లాంటి పేర్లుంటాయి. ఈ మూడోదాన్ని విటమిన్ అనుకుని మింగితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

కార్తీకమాసంలో ఒకరోజు నాన్న వాడే బిళ్ల దొరకలేదు. షాపులో కుర్రాడు “తాతయ్యా, ఇదీ నరాల బలానికే, ఇంకా స్ట్రాంగు” అని వేరే స్ట్రిప్పు చేతిలో పెట్టాడు. చీటీ అడగలేదు, నాన్న చూపించలేదు. మూడో రాత్రి ఆయనకు మూత్రం బిగుసుకుపోయింది. రెండింటికి లేచి బాత్రూంలో పంపు తిప్పి, ఆ నీళ్ల చప్పుడుకైనా వస్తుందేమోనని గంటసేపు నిలబడ్డాడట. నన్ను లేపలేదు. తెల్లారి చూస్తే పొత్తికడుపు బోర్లించిన కుండలా ఉంది. ఆసుపత్రిలో గొట్టం వేశాక డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, “నరాలకు ఏమైనా కొత్త బిళ్ల వేసుకున్నారా?”

ఆ స్ట్రిప్పు వెనక ప్రీగాబలిన్ 75, నార్‌ట్రిప్టిలిన్ 10, మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాములు (ఇది బీ12లో ఒక రకం) అని ఉంది. నార్‌ట్రిప్టిలిన్, అమిట్రిప్టిలిన్ జాతి మందులు మూత్రాశయం గట్టిగా నొక్కకుండా చేస్తాయి. నాన్నకు ప్రోస్టేట్ ఉబ్బి దారి అప్పటికే ఇరుకైంది. రెండూ కలిశాయి. అవి చెడ్డ మందులని కాదు, నరాల నొప్పికి బాగా పనిచేసేవే. కానీ మూత్రం సన్నగా వచ్చే, రాత్రి నాలుగుసార్లు లేచే మగవాళ్లకు స్ట్రిప్పు మీద “ట్రిప్టిలిన్” అని కనిపిస్తే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. ఎప్పటినుంచో వాడుతున్న ప్రీగాబలిన్‌నైతే మీ అంతట మీరు ఉన్నపళంగా ఆపకండి, దాన్ని మెల్లగా తగ్గించాలి.

మా నాన్న ప్రోస్టేట్ సంగతి బయటపడింది ఆ రాత్రి వల్లే. ఒక చిన్న విషయం చెప్పాలి. ఆ వారంలోనే పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) చేయించేద్దామని నేను తొందరపడితే యూరాలజిస్టు ఆపారు. మూత్రం బిగుసుకున్నా, గొట్టం వేసినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పీఎస్ఏ ఊరికే పెరుగుతుందట. ఆరు వారాలాగి చేయిస్తే 9.1 వచ్చింది. అక్కడినుంచి ఎంఆర్‌ఐ, బయాప్సీ.

ఇంకోటి, బీ6ని కూడండి. స్ట్రిప్పు మీద పిరిడాక్సిన్ అని ఉంటుంది. నాన్న కాగితం మీద మూడు చోట్ల వచ్చింది: నరాల బిళ్లలో 3, బీ కాంప్లెక్సులో 3, ఎవరో ఎప్పుడో రాసిన విడి బిళ్లలో 100. ఆ 100ది ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండేళ్లుగా నడుస్తోంది. బీ6 ఎక్కువైతే అదే నరాలను పాడుచేస్తుంది. 1983లో అమెరికాలో ఏడుగురి కేసులు అచ్చయ్యాయి. రోజుకు 2 నుంచి 6 గ్రాములు మింగినవాళ్లు, కాళ్లూ చేతులూ మొద్దుబారి నడక తప్పింది. తర్వాత తక్కువ మోతాదుల్లోనూ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కనిపించడంతో హద్దులు తగ్గిస్తూ వస్తున్నారు. అమెరికాలో పెద్దవాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములు పై హద్దు, యూరప్ వాళ్లు 2023లో తమ హద్దును 25 నుంచి 12కు దించారు. తిమ్మిరి, మంట, మొద్దు. బీ6 ఎక్కువైనా ఇవే లక్షణాలు. మంటకని బిళ్ల, బిళ్లవల్ల మంట, మళ్లీ ఇంకో బిళ్ల. మా డాక్టరు ఆ 100ది కొట్టేశారు.

పరీక్ష ముందు, బిళ్ల తర్వాత

1946లో సి. గోపాలన్ అనే డాక్టరు అరికాళ్ల మంటల మీద ఒక వ్యాసం రాశారు. తర్వాతి రోజుల్లో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థను నడిపించిన ఆయనే. సరైన తిండిలేని రోగులకు పాంటోథెనిక్ యాసిడ్ (బీ5 విటమిన్) ఇస్తే మంటలు తగ్గడం ఆయన గమనించారు. ఇప్పటికీ బీ కాంప్లెక్సు స్ట్రిప్పుల మీద కాల్షియం పాంటోథెనేట్ అని కనిపిస్తుంటే నాకు ఆయనే గుర్తొస్తారు. ఆ రోగులకు నిజంగా లోపం ఉంది, లోపం పూడ్చారు, తగ్గింది. మూడుపూటలా తిని షుగర్ తెచ్చుకున్న మనకు ఆ లోపమే ఉందని ఎలా తెలుస్తుంది? పరీక్ష చేస్తేనే.

నరాల విషయంలో మన ఇళ్లలో ఎక్కువగా తగ్గేది బీ12. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లో మాత్రమే దొరుకుతుంది. శాకాహారులకు తగ్గొచ్చు. దానికి తోడు షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ పేగుల్లో బీ12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. మోతాదు పెరిగేకొద్దీ, ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువ. 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ కూడా దీనిమీద డాక్టర్లను హెచ్చరించింది. మా నాన్న చేపలు లేకుండా ముద్ద ఎత్తని మనిషి. అయినా పన్నెండేళ్ల మెట్‌ఫార్మిన్ తన పని తాను చేసింది. అలాగని మెట్‌ఫార్మిన్ ఆపేయకండి. బీ12 చూసుకుంటూ వాడుకోవచ్చు.

పరీక్షకు వెళ్లేముందు రెండు జాగ్రత్తలు. బీ12 బిళ్లలు మింగుతూ పరీక్ష చేయిస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, అసలు సంగతి తెలియదు. కాబట్టి వీలైతే మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వండి. రెండోది, జుట్టుకూ గోళ్లకూ వాడే బయోటిన్. అది ఎక్కువ మోతాదులో ఒంట్లో ఉంటే కొన్నిరకాల ల్యాబ్ మిషన్లు తప్పు అంకె ఇస్తాయి. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. అలాంటి మిషన్ మీద బీ12 ఉన్నదానికన్నా ఎక్కువగా, పీఎస్ఏ ఉన్నదానికన్నా తక్కువగా రావచ్చు. అంటే రెండుచోట్లా “పర్లేదు” అనిపించే వైపే తప్పు. రక్తం తీసే అమ్మాయికి బయోటిన్ సంగతి చెప్పండి, ఎన్ని రోజులు ఆపాలో అడగండి.

బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కింద ఉంటే తక్కువ అని చాలా ల్యాబులు రాస్తాయి. 200, 300 మధ్య ఉంటే తేలనట్టు. అప్పుడు మిథైల్‌మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ పరీక్షలు రాస్తారు. నాన్నకు 148 వచ్చింది, అనుమానమే అక్కర్లేకపోయింది. ఇన్నేళ్లూ ఆయన బిళ్లలు మింగుతున్నాడు కదా, మరి 148 ఏమిటి అని నేనూ అడిగాను. “ఎవరు చెప్పారమ్మా రోజూ మింగుతున్నానని?” అన్నాడు. మంట ఎక్కువైన రోజు ఒకటి, లేకపోతే లేదు. బీ6ది మాత్రం బీపీ బిళ్ల పక్కనే ఉంటుంది కాబట్టి తప్పకుండా వేసుకునేవాడు!

ఫోలిక్ యాసిడ్ గురించి ఒక మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో దాన్ని తయారుచేసింది. రక్తహీనతకు గొప్ప మందు. కానీ బీ12 లేనివాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయని కొన్నేళ్లకే తేలింది. అందుకని “బలానికి” ఫోలిక్ ఒక్కటే వాడుతూ బీ12 చూసుకోకపోవడం మంచిది కాదు.

పేపర్లో “విటమిన్‌తో నరాలకు మేలు” అని వస్తే

నేను మూడే అడుగుతాను. ఎవరికి ఇచ్చారు? దేనితో పోల్చారు? ఎన్నాళ్లు చూశారు?

2021లో గ్రీసు నుంచి ఒక అధ్యయనం వచ్చింది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని, నాలుగేళ్లకు పైగా మెట్‌ఫార్మిన్ వాడుతూ, బీ12 తక్కువ వైపున్న 90 మందిని తీసుకున్నారు. కొందరికి రోజుకు 1000 మైక్రోగ్రాముల మిథైల్‌కోబాలమిన్, కొందరికి ఉత్తుత్తి బిళ్ల. ఏడాది తర్వాత మందు వాడినవాళ్లకు నొప్పి, నరాల పనితీరు మెరుగయ్యాయి. చిన్న అధ్యయనమే, కానీ మా నాన్నలాంటి వాళ్ల మీదే చేసింది. బీ12 నిండుగా ఉన్నవాళ్లకు కూడా పనిచేస్తుందని అది చెప్పలేదు.

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ సంగతి వేరు. వారాల పాటు చేసిన పాత అధ్యయనాల్లో మంట తగ్గినట్టు కనిపించింది. ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువ సాగిన అధ్యయనాలన్నీ కలిపి 2024లో కాక్రేన్ వాళ్లు (వైద్య అధ్యయనాలను కలిపి జల్లెడపట్టే సంస్థ) చూస్తే ఆరు నెలల దగ్గర బహుశా పెద్దగా తేడా లేదనే వచ్చింది. మన స్ట్రిప్పుల్లో కనిపించే 100 మిల్లీగ్రాములైతే, ఆ అధ్యయనాల్లో వాడిన 600లో ఆరో వంతు! నా మట్టుకు నాకు అది డబ్బు దండగ. కాదనేవాళ్లుంటే ఉండొచ్చు.

కీమో వల్ల వచ్చే తిమ్మిర్లకు మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరితే వాడే డోసిటాక్సెల్ కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీయగలదు. ఆ జాతి కీమో తీసుకుంటున్న 409 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు నరాలు కాపాడుతుందని అసిటైల్ ఎల్ కార్నిటిన్ ఇచ్చి చూస్తే, 2013లో వచ్చిన ఫలితం తలకిందులు. అది వాడినవాళ్లకే తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. మన నరాల బిళ్లల్లో కొన్నింట్లో ఈ కార్నిటిన్ ఉంటుంది. కీమోకు వెళ్లేముందు డబ్బా మొత్తం పట్టుకెళ్లి ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) ముందు పెట్టండి.

నాన్నకు బీ12 ఇంజెక్షన్లు వేయించాం, తర్వాత బిళ్లలు. మూడు నెలలకు మంట సగం తగ్గిందంటాడు. మొద్దు అంత తగ్గలేదు, షుగర్ చేసిన దెబ్బ బీ12తో పోదు. వేడినీళ్లలో కాళ్లు పెట్టడం మాన్పించాను. స్పర్శ లేని కాలికి బొబ్బ లేచేదాకా వేడి తెలియదు. పడుకునేముందు అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోవడం ఆయన డ్యూటీ.

ఇక బయాప్సీ రిపోర్టు

ప్రోస్టేట్ బయాప్సీ అంటే సన్న సేమియా ముక్కల్లాంటి పోగులు. సాధారణంగా పన్నెండు, ఎంఆర్‌ఐలో అనుమానమున్న చోటినుంచి ఇంకో రెండు మూడు. ఒక్కోటి ఎక్కడినుంచి తీశారో రాసిన చిన్న సీసాల్లో మా ల్యాబ్‌కు వస్తాయి. మైనంలో పోసి, పొరలుగా కోసి, గులాబీ, ఊదా రంగులద్ది స్లైడు మీద పెడతారు.

మా డాక్టరు గారి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూసే మైక్రోస్కోపు ఉంది. నాన్న స్లైడు పెట్టి నన్ను పిలిచారు. “ఇదిగో, ఇవి మూడో రకం” అన్నారు. చిన్న చిన్న గుండ్రటి గ్రంథులు, సందులు వదిలి కట్టుకున్న ఇళ్లలా దేనికది విడివిడిగా. “ఇక్కడ చూడమ్మా, ఇది నాలుగు.” గోడలు కలిసిపోయాయి, ఏ ఇల్లు ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. నాలుగులోనే ఇంకో రకం ఉంటుందట, బూందీ గరిటెలా చిల్లులు చిల్లులుగా. రిపోర్టులో దాన్ని క్రిబ్రిఫార్మ్ అని రాస్తారు. అది ఉంటే కాస్త ఎక్కువ జాగ్రత్త పడతారు. నాన్నకు లేదు. ఐదు అంటే అసలు ఇళ్లే ఉండవు, కణాలు చల్లిన ఆవాల్లా చెదిరి ఉంటాయి.

ఈ అంకెలు పెట్టింది అమెరికాలో మినియాపోలిస్ మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన డొనాల్డ్ గ్లీసన్, 1966లో. ఒక్కో కణం ఎలా ఉందని కాకుండా గ్రంథుల అమరిక ఎలా ఉందో చూసి, ఒకటి నుంచి ఐదు దాకా బొమ్మలు గీశారు. ఎక్కువగా ఉన్న అమరిక అంకె ముందు, రెండోది తర్వాత, రెండూ కూడితే గ్లీసన్ స్కోరు. బయాప్సీలో అయితే రెండో అంకెగా మిగిలినవాటిలో అన్నిటికన్నా ముదురుది రాస్తారు, కొంచెమే ఉన్నా సరే.

ఇక్కడే జనం బోల్తాపడతారు. స్కోరు పదికి కదా, ఆరు వచ్చిందంటే సగం దాటిపోయిందని ఏడుస్తారు. ఇప్పుడు బయాప్సీల్లో ఒకటి, రెండు అంకెలు దాదాపు ఇవ్వరు. కాబట్టి 3+3=6 అన్నదే అట్టడుగు మెట్టు. అది ఒంట్లో మరోచోటికి పాకడం చాలా అరుదు. దాన్ని క్యాన్సర్ అనే పిలవాలా అని నిపుణులే వాదించుకుంటున్నారు.

రెండో బోల్తా ఏడు దగ్గర. 3+4, 4+3 కూడితే రెండూ ఏడే. కానీ మొదటిదాంట్లో ఎక్కువ భాగం మూడు, రెండోదాంట్లో ఎక్కువ భాగం నాలుగు. ఒకసారి నేనే 4+3ని 3+4 అని కొట్టాను. మొత్తం ఏడే కాబట్టి నా కంటికి తేడా తెలియలేదు. సంతకం పెట్టబోతూ డాక్టరు గారు పట్టుకున్నారు. ఆ రోజు నన్ను తిట్టలేదు, కానీ ఇప్పటికీ ఆ రెండంకెల దగ్గర నా వేలు ఆగుతుంది.

ఈ తికమక పోవాలనే 2014లో పెథాలజిస్టులు షికాగోలో కూర్చుని గ్రేడ్ గ్రూపులు ఒప్పుకున్నారు. అప్పట్లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో పనిచేసిన జొనాథన్ ఎప్‌స్టీన్ ప్రతిపాదించినవి. 3+3 గ్రూప్ 1. 3+4 గ్రూప్ 2. 4+3 గ్రూప్ 3. మొత్తం ఎనిమిదైతే గ్రూప్ 4. తొమ్మిది, పది గ్రూప్ 5. రిపోర్టులో రెండు పద్ధతులూ పక్కపక్కన ఉంటాయి. నాన్నది 3+4=7, గ్రేడ్ గ్రూప్ 2.

ఆ తర్వాత చూడాల్సినవి: పన్నెండులో ఎన్ని పోగుల్లో ఉంది (నాన్నకు మూడు), ఒక్కో పోగులో ఎంత మేర, నాలుగో రకం ఎంత శాతం. నాన్నకు పది శాతం. ఆ పది శాతం అన్నది నలభై శాతం అయితే డాక్టరు మాట వేరేగా ఉండేది. రిపోర్టులో ఆ శాతం రాయకపోతే ఫోన్ చేసి అడగండి, తప్పులేదు. ఎంఆర్‌ఐ రిపోర్టులో ఉండే “పైరాడ్స్ 4” గ్రేడ్ 4 కాదు. అది అనుమానం ఎంత బలంగా ఉందో చెప్పే అంకె. పీఎస్ఏ ఇంకో అంకె. ప్రోస్టేట్ తగ్గడానికి డ్యూటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ వాడుతుంటే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఆ మందుల మీద 4 వస్తే మనసులో 8 అనుకోవాలి. ఆ సంగతి చెప్పకుండా రిపోర్టు చూపించేవాళ్లు చాలామంది.

గ్రేడు మనిషి కన్నుతో వేసేది. మూడుకూ నాలుగుకూ సరిహద్దులో ఉన్న గ్రంథులను ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చూడొచ్చు. సూది తగలని చోట ముదురుది ఉండిపోవచ్చు కూడా. అందుకే ఆపరేషన్ అయ్యాక గ్రేడు మారుతుంటుంది. పెద్ద నిర్ణయానికి ముందు ఇంకో పెథాలజిస్టుతో చదివించాలంటే కాగితం ఒక్కటే పట్టుకెళ్తే పనికాదు. స్లైడ్లు, మైనం బ్లాకులు రెండూ ల్యాబ్‌ను అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. బ్లాకులు అగ్గిపెట్టె కన్నా చిన్నవి. ఎండలో కారులో వదిలేయకండి, మైనం కరుగుతుంది.

నాన్న స్లైడ్లు రెండోచోట కూడా 3+4 అనే వచ్చాయి. ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి ఉండటం, మూడూ చెప్పారు. బ్రిటన్‌లో 1,643 మందిని ఈ మూడు దారుల్లో వేసి పదిహేనేళ్లు చూస్తే, ఏ దారిలోనైనా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ముగ్గురే అని 2023లో తేలింది. వాళ్లలో ఎక్కువమంది తక్కువ గ్రేడు వాళ్లు, గ్రూప్ 4, 5 ఉన్నవాళ్లు ఆ అంకె చూసి నిశ్చింతగా కూర్చోకూడదు. నాన్న కనిపెట్టి ఉండే దారి ఎంచుకున్నాడు. ఆరు నెలలకోసారి పీఎస్ఏ, ఏడాదికి మళ్లీ ఎంఆర్‌ఐ, బయాప్సీ. “టికెట్ తీసుకుంటే సరిపోదు, చెకింగ్ ఉంటుందన్నమాట” అన్నాడు.

తమ్ముడు ఊరుకోలేడు కదా. వాడి స్నేహితుడెవరో వస్తుంటే విటమిన్ ఇ సీసా పంపాడు, ప్రోస్టేట్‌కు మంచిదని ఎక్కడో చదివాడట. మూత తీయకుండానే వెనక్కి తిప్పాను. 400 యూనిట్లు. సరిగ్గా ఆ మోతాదునే, సెలీనియంతో కలిపీ విడిగానూ, 35 వేలమందికి పైగా మగవాళ్ల మీద 2001 నుంచి అమెరికా, కెనడాల్లో పరీక్షించారు. ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందనే ఆశతో. మేలు కనిపించక 2008లో బిళ్లలు ఆపేశారు. 2011లో లెక్క చూస్తే విటమిన్ ఇ ఒక్కటే మింగినవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. ఏడేళ్లలో వెయ్యిమందికి ఉత్తుత్తి బిళ్ల వాళ్లలో 65 మందికి వస్తే, వీళ్లలో 76 మందికి వచ్చింది.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “పారెయ్ అక్కా” అన్నాడు. నాన్న పారేయనివ్వలేదు. డాలర్లు పోసి కొన్నాడట పిల్లాడు. సీలు తీయని ఆ సీసా దేవుడి అలమరలో, అగరొత్తుల కట్ట పక్కన ఉంది.